వలెడు

సిగ్మా గుర్తు నాకు
నడుం విరిగిన గేలంలా కనబడేది.
భీమవరం కాలేజీలో రెండేళ్ళు దానికి చిక్కుకుని కొట్టుకున్నాను.
కింద ఎన్ మైనస్ ఒకటి ఎందుకని అడిగితే
సారు బోర్డు తుడిచేస్తూ
"రాసుకో, మార్కులొస్తాయి" అన్నారు.
రాసుకున్నాను. రాలేదు.

లోసరి దగ్గర మా చిన్నాన్న రొయ్యల చెరువు.
డెబ్భయ్యో రోజు, తెల్లారగట్ల,
తిరుమాని పోతురాజు వల భుజానేసుకున్నాడు.
"ఎన్నున్నాయంటావు నీళ్ళల్లో?"
"గంగమ్మకే తెలియాలండి. మనకి వలెడు చాలు."

మొదటి విసురు మేత ట్రే పక్కన.
ఎగిరెగిరి పడ్డాయి, బొటనవేలంత లావు.
కిలోకి నలభై!
చిన్నాన్న మొహం వెలిగింది,
పోతురాజుది వెలగలేదు.
"మేత కాడికి ముందొచ్చేది బలిసిందేనండి.
పెళ్ళిలో మొదటి బంతి చూసి
ఊరంతా ఇంతే లావనుకుంటే ఎలాగ?"

అగ్గిపెట్టెలో చీటీలేసి నాతో తీయించాడు.
తూము మూల. నడిమి లోతు. పడమటి గట్టు.
యాభై ఎనిమిది. అరవై ఏడు.
మూడోది నా పుస్తకంలోనే ఉంది.
"సగటెంతే?" ఫోను చెవికి నొక్కుకునే అరిచాడు చిన్నాన్న.
"అరవై రెండు."
"అయితే మూడో వల అరవై ఒకటి,"
పుస్తకం చూడకుండానే అనేశాడు.

సగటు చెప్పేశాక
చివరి వలకి దాక్కునే చోటు లేదు.
సారు తుడిచేసిన ఆ మైనస్ ఒకటి
బురద కాళ్ళతో గట్టెక్కి నా పక్కన నిలబడింది.

అరవై రెండని గీత కొట్టబోతుంటే
పోతురాజు చెయ్యి అడ్డం పెట్టాడు:
"అటు నాలుగు, ఇటు నాలుగు వదలండమ్మాయిగోరూ.
వలకి కన్నాలున్నట్టే మాటకీ ఉండాలి.
లేకపోతే నీళ్ళ బరువుకే చిరిగిపోద్ది."

మధ్యాహ్నం కొనేవాళ్ళ కుర్రాడొచ్చాడు.
నీరసప్పిల్లలు చేరే మురుగు మూల
చూసి చూసి విసిరాడు.
డెబ్భై ఆరు.
తక్కెడ అబద్ధం చెప్పలేదు,
అతను నిలబడ్డ చోటు చెప్పింది.
బేరం కుదరలేదు.

సప్లిమెంటరీ సెప్టెంబరులో.
సూత్రాల కాగితం ఎక్కడ పెట్టానో గుర్తులేదు.
రాత్రి ఏరియేటర్ల హోరులో పడుకుని
ఏ వలకీ తగలని వాటి గురించి ఆలోచిస్తున్నాను.
చేతులు ఎంత కడిగినా
ఇంకా నీచు వాసనే.