నిలుపుదల ఫారం

సిబ్బంది విభాగం నుంచి ఫారం వచ్చింది.
నాలుగు పేజీలు, ఒక మూల స్టేపుల్ ఊడి.
"మీ ఉద్యోగంలో మీకెంత తృప్తి?
ఒకటి నుంచి ఐదు దాకా
ఏదో ఒక అంకెకి సున్నా చుట్టండి."
శుక్రవారం లోగా.

బ్లాంటైర్‌లో కరెంటు పోయిన మధ్యాహ్నం.
కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాను.
న్సీమా ముద్ద అయిపోయాక
వేళ్ళు నాక్కుంటే తృప్తి, మా అమ్మమ్మ లెక్కలో.
దానికి ఆవిడ మార్కులు వేయడం చూడలేదు.

ఈ గదిలో నాలుగు బల్లలు.
కిటికీ పక్కది వెజి మ్సిస్కాది,
పిల్లల నర్సింగ్ చెప్పేవాడు. లీడ్స్ వెళ్ళాడు.
అతని కాలెండర్ ఇంకా ఏప్రిల్‌లోనే ఉంది.
తవొంగా గాబొరోన్ వెళ్ళింది.
జీతం మూడింతలని దాచకుండా చెప్పి
తన కెటిల్ నాకిచ్చి మరీ వెళ్ళింది.
మూడో బల్ల ఎవరిదో మరిచిపోయాను,
దాని మీద దిద్దని జవాబు పత్రాలు.
వాళ్ళు వెళ్ళారు గానీ
వాళ్ళ సోమవారాలు వెళ్ళలేదు,
అన్నీ నా టైంటేబుల్లోకి వచ్చి కూర్చున్నాయి.

స్కిల్స్ ల్యాబ్‌లో ప్రసవాల బొమ్మ,
మాయి జియోనె అంటాం.
పద్నాలుగేళ్ళ సర్వీసు, ఎడమ చెయ్యి లేదు.
విభాగంలో అందరికన్నా సీనియర్ ఆవిడే.
రాజీనామా రాయడానికి కుడి చెయ్యుంది,
పెన్నిచ్చేవాళ్ళే లేరు.

మూడో పేజీ:
"సిబ్బంది నిలిచిపోవాలంటే ఏం చేయాలి?"

మా విద్యలో ఆ మాట వింటే ఉలిక్కిపడతాం.
బిడ్డ బయటపడ్డాక
మాయ లోపలే నిలిచిపోతే
గడియారం చూడమంటాం. అరగంట.
తాడు పట్టుకుని గుంజొద్దంటాం,
గుంజితే గర్భసంచే తిరగబడి వస్తుంది.
ఏటా చెబుతాను. ఏటా ఎవరో ఒకరు గుంజుతారు,
బొమ్మే కదా, నవ్వుకుంటాం.
నిలిచిపోయింది మాత్రం నెత్తురు తాగుతుంది.
పదకొండేళ్ళుగా నేనిక్కడ నిలిచిపోయాను.
ఎవరు ఎవరి నెత్తురు తాగుతున్నారో
రాయడానికి ఫారంలో గడి లేదు.

నా సొరుగులోనూ ఒక ఉత్తరం ఉంది,
కార్డిఫ్ నుంచి. ఇరవయ్యో తేదీలోగా జవాబివ్వాలట.
విప్పి మడిచి, విప్పి మడిచి
మడత మీది అక్షరాలు చెరిగిపోయాయి.
లింబని ఏమీ అనడు.
నిన్న మా పాత సూట్‌కేసు జిప్పు
బాగుచేయించుకొచ్చాడు, అంతే.

పోయిన మంగళవారం, రాత్రి రెండింటికి, ఫోన్.
త్యోలో కొండల్లో ఏదో చిన్న ఆరోగ్య కేంద్రం.
అలినాఫె. నిరుడే చదువు ముగించిన పిల్ల,
క్లాసులో ఎప్పుడూ వెనక వరసే.
"మేడం, అరగంట దాటుతోంది. అంబులెన్స్ ములాంజెలో ఉందట."
"నీ చెయ్యెక్కడుంది?"
"పొట్ట మీద."
"ఉండనీ."
తర్వాత చాలాసేపు రేకు మీద వాన.
ఎవరో మూలిగారు. బకెట్టు జరిపిన చప్పుడు.
"వచ్చేసింది మేడం."
"పళ్ళెంలో పరిచి చూడు, ముక్కేమైనా..."
"చూశాను. ఏమీ మిగల్లేదు."
థాంక్స్ చెప్పబోయిందో ఏమో,
దాని ఫోన్‌లో డబ్బులు అయిపోయాయి.

నిద్ర పట్టలేదు.
చీకట్లో నా చెయ్యి నా పొట్ట మీదే ఉంది.
పొద్దున్నే ఎనిమిదింటికి మ్సిస్కా క్లాసు,
సగం నిద్రలో చెప్పాను, తప్పులు కూడా చెప్పాను.

దీనికి ఏ అంకె?
నాలుగుకి చుట్టి కొట్టేశాను.
రెండుకి చుట్టాను, అది అబద్ధంలా కనబడింది.
ఆఖరి పేజీ వెనక ఖాళీగా ఉంది,
డ్రాయింగ్ కాగితాలొచ్చి రెండు నెలలైంది,
దాని మీద మాయ బొమ్మ గీశాను రేపటికి,
ఎర్ర పెన్నుతో, రక్తనాళాలు వేరుల్లా.
బాగా వచ్చింది. చింపి ఉంచుకున్నాను.

ఫారం మూడు పేజీలే వెళ్ళింది.

దాంతోపాటు ఇంకో అర్జీ, ఇది ఐదోది:
మాయి జియోనెకి ఎడమ చెయ్యి ఒకటి.
"సరుకు అందుకునేవారు" అన్న చోట
నా పేరులో మొదటి అక్షరం రాసి ఆగాను.
దాన్ని దిద్ది
విభాగం పేరు రాశాను.