కుక్క కొరికిన డాలు

హెడ్లీ గరాజ్‌లో కారు ఎప్పుడూ ఉండదు.
"కారుకి వాన కొత్త కాదు, చెక్కకి కొత్త" అంటాడు.

మార్చి నెల. లౌత్ ఊళ్ళో చినుకు ఆగదు.
ఏడు పలకలు,
లైమ్ అని పేరే గానీ నిమ్మకాయ కాయని చెట్టువి.
జున్నూ సున్నమూ కలిపిన జిగురు.
నట్టనడుమ పిడికిలి పట్టేంత కంత,
దాని మీద ఇనుప బొడ్డు.

అంచుకి పచ్చితోలు కావాలి.
వెయ్యేళ్ళ కిందట ఎద్దుని అడిగేవారు.
మేము పెంపుడు జంతువుల కొట్టుకి వెళ్ళి
కుక్కలు నమిలే తోలు బొమికలు నలభై కొన్నాం.
"ఎన్ని కుక్కలండీ?" అంది కౌంటరు అమ్మాయి.
"ఒక్కటే" అన్నాడు హెడ్లీ. నిజమే.

బొమికలు స్నానాల తొట్టిలో నానాయి.
మారియన్ ఆ వారమంతా అక్కగారింట్లో స్నానం చేసింది.
విచ్చుకున్న తోలుని పట్టీలుగా కోసి
అంచు చుట్టూ నేనే కుట్టాను.
పగలు ఆస్పత్రిలో బతికున్న చర్మానికి కుట్లు వేస్తాను,
ఇది ఎంత పని అనుకున్నా.
సూది నా వేలికే దిగింది.

"ఆరితే బిగుస్తుంది" అన్నాడు.
పికిల్ ఆరనివ్వలేదు.
పొద్దున చూస్తే జానెడు అంచు లేదు,
చెక్క కూడా కొంత.
మూలన అది, కడుపు ఉబ్బి,
కళ్ళలో పశ్చాత్తాపం లేశమైనా లేకుండా.

వేరేది చేసే వ్యవధి లేదు.
అలాగే వెళ్ళాం శనివారం యుద్ధానికి.

డాళ్ళ గోడలో ఒక లెక్క ఉంది:
నా డాలు సగమే నాది,
తక్కిన సగం ఎడమన నిలబడ్డవాడిది.
ఆ రోజు నా ఎడమన కాలమ్, కొత్త కుర్రాడు.
సందులోంచి నన్ను చూసి
"నా వైపే ఎందుకు కొరికింది?" అన్నాడు వణుకుతూ.
నవ్వొచ్చింది. గోడ కదిలింది.
అక్కడినించే వచ్చింది మొద్దు మొన ఈటె,
నెమ్మదిగా, క్షమించమన్నట్టు.
అందరికంటే ముందు నేనే చచ్చాను.

గడ్డిలో వెల్లకిలా పడి మబ్బులు చూడటం
శవాలకి మాత్రమే దొరికే సుఖం.
చెవి పక్కన చీమ.
మట్టిలో పడితే చెక్క పోతుంది, తోలు పోతుంది,
బొడ్డొక్కటే తుప్పు పట్టి మిగులుతుందట.
పికిల్ పళ్ళ గాట్లు ఎవరికీ దొరకవు.
నాలుగింటికి లేవమన్నారు. లేచి టీ తాగాం.

సాయంత్రం ఒక పాప వచ్చి
గాట్ల మీద వేలు పెట్టి అడిగింది:
"ఇది ఎవరి కత్తి?"
హెడ్లీ చాలాసేపు ఆలోచించాడు,
అబద్ధమంటే ఇష్టం లేని మనిషి.
"మా ఇంట్లోవాళ్ళది" అన్నాడు.
బల్ల కింద పికిల్ తోక ఊపింది.