పాట్లు

ట్రామ్ దిగబోయి పడింది.
ఒక చేతిలో గసగసాల రొట్టె,
ఇంకో చేతిలో పట్టుకోవడానికి ఏమీ లేదు.
వియన్నాలో జనవరి మంచు
డెబ్బై ఒక్క ఏళ్ళని లెక్కచేయదు,
ముప్పై ఎనిమిదేళ్ళు లాటిన్ చెప్పిన నోటినీ లెక్కచేయదు.

తుంటి ఎముక ఫోటోని వెలుతురుకి పట్టి
కుర్ర డాక్టరు అన్నాడు: "ఇది కష్టమైన ఫాల్."
కేసు అని అతని ఉద్దేశం.
నోట్‌బుర్గా ష్టైండ్ల్ నవ్వింది. నవ్వితే తుంటి కలుక్కుమంది.
అయినా నవ్వింది.
వాళ్ళ భాషలో ఆ మాటకి పడటమనీ అర్థమే,
ఏళ్ళ తరబడి పిల్లలచేత తను వల్లె వేయించిన
విభక్తి అనీ అర్థమే.

మనకి విభక్తి అంటే విడదీయడం,
అన్నదమ్ముల పంపకం లాంటిది.
వాళ్ళకది పాటు.
గ్రీకులు ప్టోసిస్ అన్నారు, పడటం అని.
రోమన్లు మాట మార్చారు గానీ దెబ్బ మార్చలేదు: కాసుస్.
ఆ తర్వాత సగం యూరప్
అదే మెట్టు మీద వరసగా జారింది.

మూడో నంబరు గదిలో
కిటికీ పక్క మంచం ఎవాంథియాది, సలోనికా మనిషి.
ఎడమ కనురెప్ప వాలిపోయి ఉంటుంది,
చార్టులో దానికి రాసిందీ ఆ గ్రీకు మాటే.
"నా కంటి మీద మీ వ్యాకరణం పడిందమ్మా" అంటుంది.
మణికట్టుకి కట్టుతో మిఠాయి కొట్టు ఇబోయా అందుకుంది:
"మా హంగేరియన్‌లో ఎషెట్. వానని ఎషో అంటాం.
రెండూ పడేవే.
గొడుగు మాత్రం ఒకదానికే పనికొస్తుంది."

రాత్రి నర్సు వైవా, లిథువేనియా పిల్ల, ఒప్పుకోదు.
"మా దగ్గర మాటలు పడవు, వంగుతాయి.
లింక్స్‌నిస్ అంటే వంపు."
"అందుకేనేమో, పొద్దస్తమానం నీకు నడుం నొప్పి."
ఫిన్‌లాండ్ వాళ్ళయితే సియా అంటారట, అంటే చోటు.
పదిహేను చోట్లున్న వాళ్ళకి
పడాల్సిన ఖర్మేమిటి?

నిద్రపట్టని మూడింటివేళ
నోట్‌బుర్గాకి పాత సంగతొకటి గుర్తుకొచ్చింది.
కర్త నిటారుగా ఉంటుంది,
మిగిలినవన్నీ దాన్నుంచి ఒరిగిపోతాయి. పుస్తకాల్లో అంతే.
మరి నిలబడ్డదాన్ని కూడా పాటు అనే ఎందుకన్నారు?
వెనక బెంచీ లుడోల్ఫ్ అడిగాడు ఒకసారి.
"కూర్చో" అంది.
ఆ మాట పడి వాడు కూర్చున్నాడు,
ఆ ఏడాదంతా మళ్ళీ లేవలేదు.

జవాబు ఆమెకి అప్పుడూ తెలుసు.
పాతవాళ్ళెవరో చెప్పారు:
రాసే గంటం చేయి జారితే
ఒక్కోసారి మొన నేలలో దిగి నిలువుగా నిలుస్తుంది.
నిలబడినంత మాత్రాన పడలేదని కాదు.
పేరు కూడా పడ్డదే,
మనసులోంచి నోట్లోకి.
చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది.
కాలు జారితే తీసుకోవచ్చంటారు,
నిజమే, తుంటిలో మూడు ఇనప మేకులతో తీసుకున్నారు.
ఆ "కూర్చో"కి ఏ మేకు కొడతారు?

తెల్లారి బొగుమీవా వచ్చింది, బకెట్టూ తడిగుడ్డ కర్రా.
వీళ్ళ గొడవ రెండ్రోజులుగా వింటోంది.
"మా పోలిష్‌లో ప్షిపాదెక్.
అనుకోకుండా జరిగిపోయిందానికీ అదే మాట."
కాకి వాలడం, తాటిపండు రాలడం.
"మా వ్యాకరణంలో ఎవరి తప్పూ ఉండదు" అంటూ
మంచం కింద తుడిచింది.

నోట్‌బుర్గా నాలుగు కాళ్ళ ఊతం పట్టుకుని లేచింది.
ఒక అడుగు. ఊపిరి. ఇంకో అడుగు.
నేల ఆరలేదు.

"నోట్‌బుర్గో!"

అందరికీ ఆమె ప్రొఫెసరమ్మ.
ఈవిడ మాత్రం చార్టు మీది పేరు చదివి,
తన భాష అలవాటుగా
కొసన ఓకారం పడేలా పిలిచింది.
సంబోధన. వాళ్ళ ఏడింట్లో చివరిది.
పదకొండేళ్ళుగా ఇంట్లో
ఎవరి నోటా పడని పేరు.

ఆగింది,
ఒక కాలు ఇంకా గాల్లోనే ఉంది.