బెర్తా నూట పన్నెండు

మూడు రోజులకోసారి, చీకటుండగానే,
హెర్బ్రాండ్ పెరట్లోకి పాల ట్యాంకరు రివర్స్ చేస్తాను.
అద్దంలో ముందు కొట్టం కనబడుతుంది,
తర్వాత కొట్టం ముందు ఆయన,
కాళ్లకు చెక్క చెప్పులు, చంకలో పిల్లి.
గొట్టం తగిలిస్తాను. నమూనా సీసా నింపుతాను.
మూడు పాయింట్ ఎనిమిది డిగ్రీలు, రాసుకుంటాను.
తొమ్మిదేళ్లుగా మా మాటలు ఇంతే:
"చలి."
"అవును, చలి."

నేనుండేది ఊరవతల సెలవుల పార్కులో,
వేసవికి వచ్చిపోయేవాళ్ల కోసం కట్టిన చెక్క గదిలో.
చలికాలం అక్కడ కాపురముండటం నేరం.
ఉంటాను. కర్టెన్లు దగ్గరికి లాక్కుని ఉంటాను.
బళ్లో ఇల్లు గీయమంటే మా ఫెమ్కే
కింద నాలుగు చక్రాలు పెట్టి గీసింది.
"బండి బాగుంది" అని రాసింది టీచరు.

ఇళ్ల వరసలో నా అంకె పదకొండేళ్లు జారి జారి
నూట పన్నెండు దగ్గర ఇరుక్కుపోయింది.
మునిసిపాలిటీ కిటికీ వెనక అమ్మాయి మెల్లగా చెప్పింది:
డబ్బుంది, ప్లానుంది, ఇటుకలొచ్చాయి,
గాలిలోనే చోటు లేదు.
కొట్టంలో ఉచ్చా పేడా కలిసి ఆవిరై, నత్రజనై,
అడవి అంచున ఊదారంగు పొదల మీద వాలుతుందట.
ఆ బరువు దిగేదాకా
ఏ మేస్త్రీ తాపీ ఎత్తకూడదట.

అంటే నేను గొట్టంతో తోడుకుపోయే పాలే
నా గోడలకి అడ్డం.
జీతమూ అవే పాలు.

ఆ రాత్రి స్టీరింగు మీద వేలితో లెక్క కట్టాను,
ఎన్ని ఆవులు పోతే ఒక వంటగది?
సిగ్గేసింది.
మళ్లీ కట్టాను.

మార్చిలో ఒకరోజు, మొదటిసారి, కాఫీకి పిలిచారు.
బల్ల మీద ప్రభుత్వం కాగితం, దాని మీద చక్కెర డబ్బా.
"అమ్మేస్తున్నాం" అంది ఆల్ట్యే, హెర్బ్రాండ్ భార్య,
రొట్టె కోస్తూ, తల ఎత్తకుండా.
"మా టెయునిస్ కూడా మీ వరసలోనే ఉన్నాడు, తొంభై ఏడు.
కొట్టం వెనక ఇనప డబ్బాలో ఇద్దరు పసివాళ్లతో.
వాడికి కావలసింది కొట్టం, ఇల్లు కాదు.
కోడలికి కావలసింది ఇల్లు, కొట్టం కాదు.
ఒకే దుప్పటి కింద రెండు ప్లాన్లు."
నవ్వుదామనుకున్నాను, ఆవిడ నవ్వలేదు.
హెర్బ్రాండ్ కాఫీలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు.
అందులో చక్కెర వేసుకోలేదు.

ఏప్రిల్లో పచ్చిక నిండా కొయ్య మేకులు,
కొసలకి నారింజ రంగు.
ఆవులు వాటికి వీపులు రుద్దుకున్నాయి.
సర్వేయరు మళ్లీ వచ్చి మళ్లీ పాతాడు.
మళ్లీ రుద్దుకున్నాయి.
దురద తీరడానికి అంత మంచి సౌకర్యం
వాటికి ఎవరూ ఎప్పుడూ చేసిపెట్టలేదు.

వాటిలో ఒకటి, ఎరుపూ తెలుపూ, కుడిచెవి చిరిగినది,
పేరు అడిగితే చెప్పాడు: బెర్తా నూట పన్నెండు.
తల్లి పేరే కూతురికి, అంకె ఒకటి పెంచి,
ముత్తాత రోజుల నుంచీ అంతేనట.
దాని వెనక నూట పదకొండు మంది తల్లులు.
నా ముందు నూట పదకొండు కుటుంబాలు.
కాసేపు ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.
అది నా చొక్కా అంచు నమిలి చూసి,
పనికిరాదని వదిలేసింది.

"అమ్మా, ఆవులు ఎక్కడికి వెళ్తాయి?"
అడిగింది ఫెమ్కే.
"దూరం."
"అక్కడ వాటికి వరస ఉందా?"
చలికోటు గుండీలు పెట్టడంలో మునిగినట్టు నటించాను.

చివరి రోజు ట్యాంకులో రెండువేల నూట నలభై లీటర్లు.
గొట్టం కడిగాను, ఎప్పటికన్నా రెండుసార్లు ఎక్కువ.
కొట్టం తలుపు బార్లా తీసి ఉంది,
లోపల పిచ్చుకలు, తడిసిన సిమెంటు.
ఆయన సంతకం పెట్టాడు. నేను పెట్టాను.
పెన్ను వెనక్కి ఇవ్వడం మర్చిపోయి నిలబడ్డాడు.

"చలి" అన్నాడు.

జూన్ నెల.

అవునన్నాను.