పదకొండు సెకన్లు

యూసుఫ్‌గూడ బస్తీలో జిరాక్స్ షాపు పైన
అద్దాలకు నల్ల కాగితం అంటించిన గది.
అక్కడ నా పని
అమెరికా వాళ్ల మాటల కింద తెలుగు పరచడం.

సినిమాలు కావు. నాలుగేసి నిమిషాల ముక్కలు.
హీరో ఉండడు, హత్య జరగదు.
తెల్లారకముందే రోడ్ల మీద మంచు తోసే బండాయన,
బడి బస్సులకు పసుపు రంగు కొట్టే ఒకామె,
శనివారం గ్యారేజీ తలుపెత్తి
సొంత సామానుకి వెల చీటీలు అంటించి
ఎదురుగా కుర్చీలేసుకు కూర్చున్న కుటుంబం.
మా గల్లీలో పాత సామాను
మైకు పెట్టుకొచ్చే బండిలో పోతుంది.
పోతున్నప్పుడు ఎవరూ అటు చూడరు.

వరుసకు నలభై రెండు అక్షరాలు.
రెండు వరుసలు దాటకూడదు.
చదివేవాళ్ల కన్ను సెకనుకు ఇంతే మింగుతుందట.
అందుకే తీరిగ్గా మాట్లాడే మనుషుల దగ్గర
నేను పరమ పిసినారిని.
వాళ్లు మధ్యమధ్య "తెలుసుగా" అన్న ప్రతిసారీ కోసేస్తాను,
అవతలివాళ్లు ఊ కొడతారని
అందులో ఎంత ఆశ ఉందో తెలిసే కోసేస్తాను.

ఈ రాత్రి నెబ్రాస్కా.
మొక్కజొన్న చేల నడుమ చిన్న ఊరు,
నాణేలు వేస్తే బట్టలుతికే దుకాణం.
యజమాని డోరిస్‌కు డెబ్బై ఒకటి.
మొగుడు పోయిన సంగతి చెప్పినా,
పంట ధర పడిపోయిన సంగతి చెప్పినా,
ఆరో నంబరు మిషను మళ్లీ మొరాయించినా
చివర ఒకటే మాట అంటుంది.
ఆ మాట కింద నేను
"గట్లనే ఉంటది" అని కొట్టాను.
నేను కాదు, వేళ్లు కొట్టాయి.
జనగామలో మా చిన్నమ్మ
పొయ్యి ఊదుతూ, పొగలోంచి అనే మాట.

పేరిశాస్త్రి గారు నా భుజం మీదుగా వంగారు.
"అమెరికా ఆవిడ తెలంగాణలో మాట్లాడుతుందా అమ్మా?"
"మరి గోదావరి జిల్లాలో మాట్లాడుతుందా సార్?"
ఆయన నవ్వి, కళ్లద్దాలు తుడుచుకుని,
"ఫైలు తిప్పి పంపితే నాకు తెలీదు" అని
హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయారు.
చివరికి ఏ మాటతో పంపానో
మీకూ చెప్పను.

కానీ రెండు నిమిషాల యాభై ఒకటో సెకను దగ్గర
డోరిస్ మాట్లాడడం ఆపేసింది.
పెద్ద దుప్పటి మడతపెడుతోంది, ఒక్కతే.
చేతులు చాలక
ఒక అంచుని గడ్డం కింద నొక్కిపట్టింది.
పదకొండు సెకన్లు.
"మిషన్ల హోరు" అని రాశాను, చెరిపాను.
"నిశ్శబ్దం" అని రాస్తే అబద్ధం.
ఖాళీ వదిలేశాను.
ఖాళీకి డబ్బులు ఇవ్వరు.

ఐదున్నరకి మెట్లు దిగితే
నీళ్ల ట్యాంకరు చుట్టూ అప్పుడే బిందెల గొడవ.
వేపచెట్టు పక్కన ఇస్త్రీ బండి.
సాయవ్వ బొగ్గులు రాజేసి,
ఎవరివో ఫ్లాట్ల వాళ్ల డబుల్ బెడ్‌షీటు దులిపి
అంచుని గడ్డం కింద పెట్టుకుంది.

నిద్ర లేని కళ్లు నావి.
ఆమె గడ్డం కింద అక్షరాలు వస్తాయేమోనని
ఒక్క క్షణం చూశాను కూడా.
తర్వాత బ్యాగు కింద పడేసి
రెండో అంచు అందుకున్నాను.

ఆమె థాంక్స్ చెప్పలేదు.
"సక్కగ వట్టు బిడ్డా,
మట్టిల వడ్తది" అంది.