ఆగు

టోకెను నలభై ఏడు.
పాలమూరు పెద్దాసుపత్రి వెనక రేకుల షెడ్డు,
వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపు.
నా ముందు కంప్యూటరు,
నా పక్కన బస్సు తప్పిపోతదన్నట్టు డాక్టరు.

పేరు?
"ఆగు."
ఏ ఊరు?
"ఆగు."
ఎన్నేండ్లాయె ఇట్లయి?
"ఆగు, ఆగు."

వెనక వరుసల ఎవరో నవ్విన్రు.
డాక్టరు పెన్నుకు మూత పెట్టిండు.
చేతులు లేస్తున్నయి, కాళ్లు నడుస్తున్నయి,
మాట వినబడ్డది గదా.
నేను గడిలో టిక్కు కొట్టిన:
మాట్లాడగలడు.

ఆ టిక్కు నాదే.
ఆర్నెల్లు ఒక మనిషి పింఛను
దాని కింద పడి ఉన్నది.

రెండోసారి ఈదమ్మ ముందుకొచ్చింది.
దేవరకద్ర దిక్కు పల్లె వాళ్లది.
కొంగుముడి విప్పి ఫొటో తీసింది:
కాలువ గట్టు మీద, ఎర్రగుడ్డ పట్టుకొని కుర్మయ్య.

"బండకు తోటాలు పెట్టినప్పుడల్లా
తొవ్వ మీద నిలవడి ఒర్రేటోడు సారూ, ఆగు అని.
బస్సులు ఆగేటివి, బర్లు ఆగేటివి.
పచ్చవాతం అన్ని మాటలు ఎత్కపోయింది,
గీ ఒక్కటి ఇడిసిపెట్టింది.
అన్నం కావాలన్నా గదే. ఏడుపొచ్చినా గదే.
ఏది ఏదో నాకెరుక.
మీకెట్ల ఎరుకైతది?"

"నువ్వు కాదమ్మా, ఆయన్ని చెప్పనియ్"
అన్నడు డాక్టరు.

అప్పుడే సర్వరు పోయింది.
తెర మీద సున్నా ఒకటి తిరుగుకుంట
'దయచేసి వేచి ఉండండి' అన్నది.
షెడ్డంతా వేచి ఉన్నది.
డాక్టరు చాయి తెప్పించుకున్నడు.
యాభై నిమిషాలు,
దాని మీద ఒక్కరూ విసుక్కోలేదు.

నేను కుర్చీని కుర్మయ్య దిక్కు తిప్పిన.
పనికిరాని ఫారం ఒకటి బోర్లేసి బొమ్మలు గీసిన,
నాకు బొమ్మలు రావు:
ఇల్లు, సూది, గోలీలు, గుమ్మడికాయ లెక్క తలకాయ.
ఒక్కోటి గీసి చూస్తూ కూసున్న.
ఆయన వేలు చానాసేపు గాలిలోనే ఉన్నది,
బాయిల దింపిన బొక్కెన
ఇంకా నీళ్లు తాకనట్టు.
తర్వాత తలకాయ మీద దిగింది.
తర్వాత నేనేం గీయని చోట,
వట్టి తెల్లకాగితం మీద
మూడుసార్లు తట్టిండు.

ఏంది మూడు? ఏండ్లా?
తిరిగిన ఆసుపత్రులా?
పూటకు మూడు గోలీలా?

ఈదమ్మ నోరు తెరవబోయింది.
కుర్మయ్య చెయ్యెత్తిండు,
అరచెయ్యి మా అందరికీ ఎదురుగా.
"ఆగు."

ఆగినం.
చాయి గ్లాసు మూతి కాడ పెట్టుకొని
డాక్టరు కూడా.