ఇసుక పొయ్యి

డాక్టరు రాసిచ్చిన ఓట్స్ ప్యాకెట్టు
మూడు నెల్లుగా అటకమీదే ఉండాది.
"జట్కా గుర్రానికి ఎయ్ పో" అన్యాడు మాయన.

నిన్నటి గాలికి రాలిన మామిడికాయలు,
సగం పండు, సగం పులుపు.
దెబ్బ తగిలిన కాడికి కోసి పారేసినా.
అడుగున ముక్కలు,
పైన నేతిలో పొడిపొడిగా కలిపిన ఓట్స్, దంచిన బుడ్డలు,
ఓ గడ్డ బెల్లం.
చిన్నదే లే.

తాడిపత్రిలో మా యింట్లో ఓవెన్ యాడిది?
గాస్కెట్టు పీకేసిన పాత కుక్కర్లో
పెన్న ఇసుక పోసినా.
నీళ్లు మోసి ఎన్నేండ్లాయనో ఆ ఇసుక,
వేడిని మాత్రం బాగా మోస్తాది.

ముప్పావుగంటకు
అంచుల్లో రసం బుడబుడా పొంగి
వీధి దాకా వాసన.

గిన్నె గీకతా గీకతా అడిగినాడు:
"ఈ కరకరమనేది ఏందే మాబున్నీ?"

"బుడ్డలు" అన్యా.